నిమ్మి పసుపు

పదకొండో భాగం

"ఇదేం రంగు నాన్నా?"

భోజనాల బల్ల మీద కంచాలున్నాయన్న ధ్యాస కూడా లేకుండా నిమ్మి ఆ దుప్పటి పరిచేసింది. ఒక అంచు వెళ్ళి అన్నయ్య కంచంలో పడింది. అతను చెయ్యి అన్నంలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అది ఆసుపత్రి దుప్పటి. ఒక మూల ఆసుపత్రి ముద్ర, దాని పక్కన నిమ్మి లాండ్రీ నంబరు కుట్టి ఉన్నాయి.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా, పుట్టింటికొస్తే ముందు వంటింట్లోకి దూరి గిన్నెల మూతలు తీసి చూసే మనిషి నిమ్మి. ఇవాళ చెప్పులు కూడా విప్పలేదు.

"నిన్నే నాన్నా అడుగుతున్నది. ఈ చుట్టుపక్కల అద్దకం వాళ్ళందరూ నిన్ను కన్ను మేస్త్రి అంటారు కదా. ఆ కన్నుతో చూసి చెప్పు."

మేస్త్రి తొందరపడలేదు. లేచి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. నలభై ఏళ్ళు రంగు తొట్ల దగ్గర నిలబడ్డ మనిషి. ఏ గుడ్డనైనా ముందు వేళ్ళతో చూస్తాడు, ఆ తర్వాతే కళ్ళతో. దుప్పటి అంచు నలిపాడు. మధ్యలో అరచెయ్యి పెట్టి నిమిరాడు. కిటికీ వైపు ఎత్తి వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"తెలుపు," అన్నాడు.



వడ్డిస్తూ నిలబడ్డ కోడలు గరిటె గిన్నెలో వదిలేసి ఆ దుప్పటి వైపు చూసింది. తెలుపేం కాదు. కామెర్లొచ్చిన మనిషి కంటిలా ఉంది. వీధిలో పోయేవాణ్ణి పిలిచి అడిగినా పసుపనే చెబుతాడు.

"తెలుపట," అంది నిమ్మి. గొంతు పెంచలేదు. "విన్నావా అన్నయ్యా? నాన్న కంటికి ఇది తెలుపట. మరి మూడువందల దుప్పట్లు ఎందుకు తిప్పి పంపారో ఆసుపత్రివాళ్ళు. వాళ్ళకి కళ్ళు లేవు కాబోలు."

"నిమ్మీ, ముందు కూర్చో," అన్నాడు అన్నయ్య.

"కూర్చోడానికి రాలేదు. పసిపిల్లల వార్డులో ఇద్దరికి ఒళ్ళంతా కందిపోయింది. పుట్టి పది రోజులు కాలేదు వాళ్ళు. నేను ఉతికిచ్చిన దుప్పట్లలో చుట్టారు." చేతులు చాపి చూపించింది. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి, మణికట్ల దాకా ఎర్రగా పొక్కి ఉన్నాయి. "నావి మొద్దుబారిన చేతులు. నాకే ఇలా ఉంటే..."



"మేం నీళ్ళన్నీ శుద్ధి చేసే వదులుతున్నాం," అన్నాడు అన్నయ్య. అద్దకం కార్ఖానా మీద పెత్తనమంతా అతనిదే గానీ, నీళ్ళ సంగతి వచ్చేసరికి పెళ్ళాం వెనక దాక్కునే రకం. "మీ వదినని అడుగు. తొట్లన్నీ తనే చూసుకుంటోంది."

"కాలవ మీద ముందు మీ కార్ఖానా, ఆ తర్వాత నా లాండ్రీ. మధ్యలో గట్టు మీద గడ్డి తప్ప ఇంకేముంది? ఆ గడ్డి దిగొచ్చి నీళ్ళలో పసుపు కలిపిందా?" నిమ్మి వదిన వైపు తిరిగింది. "నువ్వే చెప్పు వదినా."

కోడలు గిన్నె మీద మూత పెట్టింది. "సున్నం, పటిక, గాలి తొట్టి, బొగ్గు... అన్నీ సరిగ్గానే నడుస్తున్నాయి నిమ్మీ. ఆఖరి గ్లాసు మావయ్య చూసి తూమెత్తుతారు."

అన్నాక గానీ తెలియలేదు, మొత్తం తీసుకెళ్ళి మామగారి నెత్తిన పెట్టానని. కావాలని అనలేదు. కావాలని అనని మాటలే ముందు బయటికొస్తాయి.

మామగారు దుప్పటి అంచు ఇంకా వదల్లేదు.

"కోప్పడతావనుకున్నాను నాన్నా," అంది నిమ్మి. "లేదంటే పొరపాటైందంటావనుకున్నాను. 'చూసుకోలేదమ్మా' అని ఒక్క మాటంటే, నేనే ఆసుపత్రి చుట్టూ తిరిగి ఎవరి కాళ్ళో పట్టుకుని సర్దుకునేదాన్ని. కళ్ళెదుట పరిచి అడిగితే తెలుపంటావా?"

ఆయన దుప్పటిని మళ్ళీ వెలుగుకి ఎత్తబోయాడు. 

నిమ్మి దుప్పటిని ఆయన చేతుల్లోంచి లాక్కుంది. అంత కోపంలోనూ అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు సరిగ్గా పెట్టింది. ఆ చేతుల అలవాటు అలాంటిది.

"రేపు కాలుష్యం తనిఖీ ఆఫీసులో కాగితమిస్తాను. తెలిసీ వదిలారని రాస్తాను."

"అన్నం తిని వెళ్ళవే," అంది అత్తగారు. ఎంత గొడవ జరుగుతున్నా పెద్దావిడకి ముందు గుర్తొచ్చేది ఎదుటివాళ్ళ ఆకలి.

"ఏ నీళ్ళతో వండావమ్మా?" అని అడిగి నిమ్మి వెళ్ళిపోయింది.

అత్తగారు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

"ఎందుకు నాన్నా అలా అన్నావు?" అన్నాడు కొడుకు. "ఒప్పుకోకపోతే మానెయ్. మాట్లాడకుండా ఊరుకో. తెలుపనడం ఏంటి? పుండు మీద కారం చల్లినట్టు."

"నాకు తెల్లగా కనిపించింది. తెలుపన్నాను."

"ఇల్లు అంటుకుంటున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం నీకే చెల్లింది." కంచం తోసేసి లేచిపోయాడు.

బల్ల దగ్గర మామా కోడలూ మిగిలారు. మామగారు మంచినీళ్ళందుకున్నాడు. ఇంట్లో అందరివీ స్టీలు గ్లాసులు, ఆయనకి మాత్రం గాజు గ్లాసు. నీళ్ళని వెలుగుకెత్తి చూడనిదే ఆయనకి గుక్క దిగదు. తూము దగ్గరి అలవాటు ఇంటిదాకా వచ్చిందని అత్తగారు ఎప్పుడూ దెప్పుతుంది. ఇవాళ కూడా ఎత్తాడు. చాలాసేపు చూశాడు.

ఆ చూపులో ఏదో తేడా ఉందని కోడలికి అనిపించింది. నీళ్ళని పరీక్షించే చూపు కాదు అది. చీకటి గదిలో స్విచ్చి కోసం గోడ తడిమే చెయ్యి ఎలా ఉంటుందో, అలా ఉంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలెట్టాయి. పోయిన నెల తెల్లచొక్కా మీద అరచేతంత పసుపు మరకతో నాలుగిళ్ళు తిరిగొచ్చాడు. ముసలితనంలో శుభ్రం కూడా పోయిందని అత్తగారు సాధించింది. కొత్తగా తెచ్చిన పసుపు రంగు పొడిలో పస లేదని, ఒక డబ్బా వేసే చోట రెండేసి వేయించాడు. అమ్మినవాణ్ణి పిలిచి చెడామడా తిట్టాడు. ఆ పొడి డబ్బా మీద పుర్రె గుర్తుంటుంది, ఒక చెంచా ఎక్కువైతేనే పనివాళ్ళని కసిరే మనిషి.

కోడలు తినకుండానే చెయ్యి కడిగేసుకుంది.

*

కార్ఖానా వెనక వరసగా నాలుగు తొట్లున్నాయి. అద్దకంలో మిగిలిన మురుగంతా ముందు ఒకచోట కలిసి చల్లారుతుంది. రెండో తొట్టిలో సున్నం, పటిక వేస్తే రంగులో చాలా భాగం గడ్డకట్టి అడుక్కి దిగుతుంది. మూడోదాంట్లో గాలి మిషను ఆపకుండా బుడగలూదుతుంటే, కంటికి కనబడని సూక్ష్మజీవులు మిగిలిన మురికిని తింటాయి. అప్పటికీ లొంగని రంగుంటుంది. దాని కోసం నాలుగోది, బొగ్గు తొట్టి. మనిషెత్తున పోసిన బొగ్గు రంగుని పీల్చి తన కడుపులో దాచుకుంటుంది. ఆ కడుపు నిండిందా, ఇక పైన ఏం పోస్తే కింద అదే వస్తుంది.

నిండిందని తెలిసేది మేస్త్రి గ్లాసులో. రోజూ తెల్లవారగానే, పనివాళ్ళు రాకముందే, ఆయనొక్కడే తూము దగ్గరికి వెళ్ళి గాజు గ్లాసు నింపి తెల్లగుడ్డ ముందు పట్టి చూస్తాడు. రవ్వంత రంగు కనిపించినా తూమెత్తడు, ఆ రోజే బొగ్గు మార్పిస్తాడు. తేటగా ఉంటే ఎత్తేస్తాడు. మిగతావాళ్ళు వచ్చేసరికి నీళ్ళు కాలవలో కలిసిపోయుంటాయి.

కోడలు ఈ నీటి శుద్ధి చదువే చదువుకున్నది. కాపురానికొచ్చిన కొత్తలోనే రంగు కొలిచే చిన్న మిషను తెప్పించింది. ఏడాదిపాటు మిషను, మామగారి కన్ను పక్కపక్కనే నడిచాయి. ఒక్కనాడూ తేడా రాలేదు. పైపెచ్చు రెండుసార్లు మిషను కంటే ముందు కన్నే పట్టుకుంది. మిషనులో దీపం మాడిపోయినప్పుడు ఎవరూ కొత్తది తెప్పించలేదు. ఇంట్లో కన్నుండగా దీపమెందుకని నవ్వుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే.

మామూలుగా రెండు నెలలకోసారి మార్చే బొగ్గు ఈసారి ఏడు నెలలు వచ్చింది. పటిక పాళ్ళు తాను సరిచేసినందుకే ఇన్నాళ్ళు మన్నిందని కోడలు మొగుడితో గొప్పగా చెప్పుకుంది. అతను ఊరందరితో చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ తొట్టి అంచున నిలబడి, మామగారి గ్లాసులోనే నీళ్ళు పట్టింది. తీగ మీద వేలాడుతున్న తెల్లగుడ్డ ముందుకి ఎత్తింది.

పసుపు. పలచగా, తేటగా, ఏ దాపరికమూ లేకుండా పసుపు. అది ఏ పసుపో కూడా ఆమెకి తెలిసిపోయింది.

నిమ్మికి ఆరేళ్ళప్పుడు, నిమ్మచెక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించకుండా నమిలేస్తుంటే చూసి, ఆ తొక్క రంగు గుడ్డ మీదికి తేవాలని మేస్త్రికి పంతం పుట్టిందట. పంతొమ్మిదిసార్లు తప్పి ఇరవయ్యోసారి కుదిరింది. పిల్లకి ఆ పేరు అప్పుడే వచ్చింది, రంగుకీ అప్పుడే వచ్చింది. బట్టల దుకాణాలవాళ్ళు ఇప్పటికీ నిమ్మి పసుపు అనే అడుగుతారు. ఈ ఏడాది కార్ఖానాలో సగం పని అదే.

"కనబడుతోందా?"

వెనక మామగారు నిలబడి ఉన్నాడు.

"కనబడుతోంది మావయ్యా."

"ఎంత?"

"ఎవరికైనా కనబడేంత."

ఆయన తొట్టి గట్టు మీద నెమ్మదిగా కూర్చున్నాడు. జేబులోంచి చిన్నగా మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. మడతల దగ్గర చిరుగుపట్టింది. కంటి డాక్టరు చీటీ. తేదీ చూస్తే ఆరు నెలల కిందటిది.

"కంటి నరం ఎండిపోతోందట. పోయింది మళ్ళీ రాదట. ముందు పసుపు పోతుంది, తర్వాత నీలం. ఎరుపు మాత్రం చివరిదాకా ఉంటుందిలెండి అన్నాడు. పాపం ఓదార్చడానికే అన్నాడు."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కళ్ళజోడు మార్చుకోమనేవారు." నవ్వబోయి మానేశాడు. "మొదట్లో, డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు, పసుపు కొంచెం పాలిపోయినట్టు కనిపించేది. పొడి మంచిది కాదనుకున్నాను. ఆ అమ్మేవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను కదా. వాడి తప్పేం లేదు. రంగు రావట్లేదని ఇంకా వేయించాను, ఇంకా వేయించాను. గుడ్డ పట్టుకున్నంత పట్టుకుంది. మిగతాదంతా ఇక్కడికొచ్చింది."

"మరి పొద్దున్నే గ్లాసు..."

"తేటగానే కనిపించేదమ్మా. ఒట్టు. రంగు తెలియకపోయినా కనీసం మసగ్గా అయినా ఉంటుందిలే, పట్టుకుంటాననుకున్నాను. రోజూ తేటగా ఉండేసరికి నేనూ సంతోషించాను. మా కోడలి బొగ్గు భలే పనిచేస్తోందని."

 ఇద్దరూ ఒకే దానికి సంతోషించారు. ఆయన ఆమెని నమ్మాడు, ఆమె ఆయన్ని నమ్మింది, ఇద్దరి నమ్మకమూ కలిసి కాలవలో పోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. పిడికెళ్ళు సమానంగా ఉండవని మాత్రం ఎవరూ చెప్పరు. మిషనులో దీపం వేసి ఉంటే ఆ పిల్లలకి ఏమీ అయ్యేది కాదు. చదువుకున్నది తను.

"ఇందాక దుప్పటి..."

"మరక ఉందేమోనని వేళ్ళతో వెతికాను. రంగు గుడ్డలోకి దిగాక వేళ్ళకేం తెలుస్తుంది?" ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "అది అడుగుతోంది, నాకు తెల్లగా ఉంది. తెలుపని చెప్పాక దాని మొహం చూసి అర్థమైంది."



"నిమ్మితో చెబుదాం మావయ్యా. ఇప్పుడే వెళ్దాం."

"వద్దు."

"కావాలని చేశారనుకుంటోంది."

"అనుకోనీ. అద్దకంవాణ్ణి దొంగ అంటే నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు. గుడ్డివాడంటే నేనింతవరకూ వేసిన రంగులన్నిటికీ దిష్టి తగిలినట్టే. ఎప్పట్నుంచి కనబడలేదో అని ఒక్కొక్కటీ తీసి చూస్తారు."

"మీ పరువుకన్నా ఆ పసిపిల్లలు..."

ఆ మాట తగిలింది. ఆయన మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తీసేసరికి పదేళ్ళు పెద్దవాడైపోయాడు.

"తూము మూయించేశాను వచ్చేముందు. రేపట్నుంచి గ్లాసు నువ్వు చూడు. మిషనుకి దీపం వేయించు. నేనింక తొట్ల దగ్గరికి రాను. బొగ్గు ఇవాళే తోడించెయ్." ఊపిరి పీల్చుకున్నాడు. "పరువు కోసమని కూడా కాదమ్మాయ్. అది ఇవాళ అలా నిలబడింది కదా నా ముందు. దానికి దాని రంగు నేనే ఇచ్చానని చిన్నప్పట్నుంచీ పొగరు. ఇప్పుడు ఆ రంగే నాకు కనబడదని దానికి తెలియనివ్వకు. కోపంతో ఉంటే నిలబడుతుంది. జాలి పుడితే కూలిపోతుంది. నీ నోటి వెంట రానివ్వకు."

కోడలు కాదనలేకపోయింది.  తల ఊపింది. ఆ ఊపు ఆయనకి స్పష్టంగానే కనిపించింది.

*

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర దాటాక నిమ్మి వచ్చింది. చేతులకి గుడ్డ చుట్టుకుంది. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో సీసా.

"ఆఫీసు పదింటికి తెరుస్తారు. ముందు నాన్నకి చూపించి ఇద్దామని వచ్చాను. వెనక నుంచి పొడవడం నాకు నేర్పలేదు ఈయన."

నిన్న మధ్యాహ్నం నుంచి కార్ఖానాలో అద్దకం ఆగిపోయింది. బొగ్గు తొట్టిలోకి దిగి ముగ్గురు మనుషులు పారలతో తోడుతున్నారు. ఆ గరగర ఇంట్లోకి వినిపిస్తోంది. నిమ్మి అటు చెవి పెట్టి విన్నది.

"ఇప్పుడు మారుస్తున్నారన్నమాట. చేతులు కాలాక ఆకులు."

అత్తగారు మొగుడికి రోజూలాగే గాజు గ్లాసులో మంచినీళ్ళు పెట్టి, కూతురి కోసం స్టీలు గ్లాసు తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆవిడ వచ్చేలోపు నిమ్మి అలమారలోంచి జతలోని రెండో గాజు గ్లాసు తీసింది. సీసా మూత తిప్పి అందులో పోసింది. బల్ల మీద పెట్టింది.

"మా లాండ్రీ వెనక కాలవలో నిన్న పట్టాను. నీ గ్లాసులోనే చూడు నాన్నా. నీ పద్ధతి ప్రకారమే అడుగుతున్నాను."

ఆయన గ్లాసు వైపు చూడలేదు. "కాగితం చదువు," అన్నాడు.

"ఎందుకు?"

"నా మీద ఏం రాశావో వినొద్దా?"

నిమ్మి చదివింది. చదువుతున్నంతసేపూ గొంతు గట్టిగానే ఉంది. 'రంగు కలిసిన నీళ్ళని తెలిసీ తెలిసీ కాలవలోకి వదిలినందువల్ల' అన్నచోట మాత్రం ఒకసారి ఆగింది.

"బాగానే రాశావు," అన్నాడు మేస్త్రి. "ఇచ్చెయ్. రాసింది నిజం. తెలిసే వదిలాను."

"ఏం మాటలండీ అవి," అంది అత్తగారు గుమ్మంలోంచి.

"నాన్నా, ఏమంటున్నావో తెలుస్తోందా?" అన్నాడు కొడుకు.

"తెలుస్తోంది."

కోడలు గోడకి ఆనుకుని నిలబడింది.   తల ఊపిన పాపానికి ఇంత బరువుంటుందని ఆమెకి తెలియదు.

నిమ్మి కాగితం కిందికి దించింది. ఆమె కోరుకున్నది ఇది కాదు. పోట్లాడతాడని వచ్చింది. కాగితం చించేస్తాడని, చెయ్యెత్తుతాడని, నా ఇంట్లోంచి పొమ్మంటాడని రాత్రంతా ఆశపడి వచ్చింది.

"ఎందుకు వదిలావు?"

"పని ఆగకూడదని."

"కింద నా లాండ్రీ ఉందని తెలుసు కదా."

మేస్త్రి కిటికీ వైపు తిరిగాడు.

"అడుగుతున్నాను నాన్నా. ఆ నీళ్ళు ముందు నా చేతుల మీదికే వస్తాయని తెలుసా, తెలియదా?"

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఒక అబద్ధం మొదలెట్టాక దాన్ని ఎక్కడిదాకా మొయ్యాలో ఆయనకి ఇప్పుడు తెలిసింది.

"తెలుసు," అన్నాడు.

నిమ్మి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. బల్ల అంచు పట్టుకుని, చిన్నపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు అంది, "సరే. తెలుసన్నమాట. సరే."

"నిమ్మీ, అది..." అంది కోడలు.

"నువ్వూరుకో అమ్మాయ్," అన్నాడు మామగారు. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, బతిమాలడం ఉంది. కోడలు ఊరుకుంది. ఊరుకున్నందుకు తనని తాను ఎప్పటికీ క్షమించుకోలేనని అనుకుంటూ ఊరుకుంది.

 బయట పారలు ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి.

మేస్త్రికి గొంతు ఎండిపోయింది. దగ్గొచ్చింది. బల్ల మీదికి చెయ్యి చాపాడు. అక్కడ జానెడు దూరంలో రెండు గ్లాసులున్నాయి. ఒకటి పెళ్ళాం పెట్టింది, ఒకటి కూతురు పెట్టింది. ఆయన తటపటాయించలేదు. పెళ్ళాం పెట్టిందే అనుకుని చేతికి దగ్గరగా ఉన్నది అందుకున్నాడు.

అది నిమ్మి సీసాలోది.

అలవాటుగా వెలుగుకెత్తాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటి, తాగి చూపిస్తావా?" అంది నిమ్మి. "ఆ నాటకం ఒక్కటే మిగిలింది."

"దాహమేస్తోందే," అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక. "మంచినీళ్ళు తాగినా తప్పేనా?"

గ్లాసు పెదవి దాకా వెళ్ళింది.

కోడలు కదిలేలోపే నిమ్మి గుడ్డ చుట్టిన చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. నీళ్ళు తొణికి బల్ల మీద పడ్డాయి. ఆమె ఆ నీళ్ళని చూసింది. బల్ల మీద మిగిలిన గ్లాసుని చూసింది. ఆ తర్వాత, ఆ పొద్దుటికి మొదటిసారి, తండ్రి కళ్ళలోకి చూసింది.

"నాన్నా," అంది. గొంతు మారిపోయింది. "బల్ల మీద ఇంకో గ్లాసుంది."

"ఉంది. అవి నువ్వు తెచ్చినవి కదా."

"రెండిట్లో ఏవి మంచినీళ్ళు?"

ఆయన చేతిలోదాన్ని చూశాడు. బల్ల మీదిదాన్ని చూశాడు. మళ్ళీ చేతిలోదాన్ని చూశాడు. లెక్క రాని పిల్లాడు పక్కవాడి పలక వైపు చూసినట్టు కోడలి వైపు చూశాడు. కోడలు ఇచ్చిన మాట తప్పలేదు, నోరు విప్పలేదు. కళ్ళు మాత్రం ఆమె మాట వినలేదు, ఆయన చేతిలోని గ్లాసు మీదే నిలిచిపోయాయి.

అది ఆయనకి కనిపించింది.

"నిమ్మీ," అన్నాడు నెమ్మదిగా, గ్లాసు ఇంకా అలాగే పట్టుకుని. "ఇందులో నీ రంగుందా అమ్మా?"

 నిమ్మి ఆయన మణికట్టు వదల్లేదు. గోడ మీద గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది, రెండో చేతిలో కాగితం అలాగే ఉంది.